సూర్యుడు తోడిన నీరు

ఉద్యోగవిరమణ తరువాత నేను మొయినాబాద్ మండలం హిమాయత్‌నగర్‌లో చిన్న ఇల్లు కట్టుకొని స్థిరపడ్డాను. ఉదయం నడకకు వెళ్లే దారిలో ఒక రైతు పూలతోట ఉన్నది. గత వేసవిలో ఆయన తన బోరుబావికి సౌరవిద్యుత్తు పంపు పెట్టించుకున్నారు. ఒక రోజు ఎండ బాగా ఎక్కిన తరువాత అటుగా వచ్చాను. తోట అప్పటికే తడిసిపోయింది. పంపు మాత్రం ఇంకా నడుస్తున్నది. నీళ్లు గట్టు దాటి బాట మీదికి వస్తున్నాయి. నేను బాట మీది నీటిని చూడటం ఆయన గమనించారు.

"డాక్టరు సారూ, ఎండకు బిల్లు రాదు కద. పొద్దంత మోటరు నడిచినా ఎవరికేం నష్టం?" అని అడిగారు.

ఆ ప్రశ్నకు నేను వెంటనే బదులు చెప్పలేకపోయాను. నేను ఇంజనీరును కాను. అయితే ప్రభుత్వ వైద్యునిగా ముప్ఫై ఏళ్లకు పైగా పల్లెల్లో పనిచేసి, నీటి వలన వచ్చే జబ్బులను దగ్గరగా చూసినవాడిని. ఆ అనుభవం నాకు ఒక సంగతి నేర్పింది. నీటిని పైకి తెచ్చే సాధనం మారిన ప్రతిసారీ ఊరిలో జబ్బుల జాబితా కూడా మారుతుంది. ఒక జబ్బు పోతుంది, మరొకటి వచ్చి చేరుతుంది. ఇప్పుడు సౌరవిద్యుత్తు వంతు వచ్చింది. ఇది ఏ జబ్బును తీసుకుపోతుందో, దేనిని తెచ్చే అవకాశం ఉన్నదో ముందుగానే ఆలోచించడం మంచిదని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

రెండు చెరువుల నడుమ

మా మండలానికి ఒకవైపు ఉస్మాన్‌సాగర్, మరొకవైపు హిమాయత్‌సాగర్ ఉన్నాయి. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తరువాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలను అనుసరించి ఈ రెండింటినీ కట్టారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లోను, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. వరదను ఆపడంతో పాటు నగరానికి తాగునీరు ఇవ్వడం వీటి పని. మనం గండిపేట అని పిలిచే ఉస్మాన్‌సాగర్ నుండి నీరు ఆసిఫ్‌నగర్ శుద్ధికేంద్రానికి పల్లం వెంట తనంతట తానే ప్రవహించి చేరేది. దానిని తోడటానికి విద్యుత్తు అవసరం లేకపోయింది. భూమ్యాకర్షణ కూడా ఎన్నటికీ తరగని శక్తియే. ఆ విధంగా చూస్తే, పునరుత్పాదక శక్తితో నీటిని అందించడం మా ప్రాంతానికి నూరేళ్ల నాటి విద్య. ఇప్పుడు అదే నగరానికి కృష్ణా జలాలను వంద కిలోమీటర్లకు పైగా దూరం నుండి, దశలవారీగా పంపులతో ఎత్తిపోసి తెస్తున్నారు.

ఈ జలాశయాలను కాపాడటానికి 1996లో ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వును ఇచ్చింది. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాలలో కాలుష్యం కలిగించే పరిశ్రమలను, పెద్ద కట్టడాలను అది నిషేధించింది. ఆ ఉత్తర్వు గురించి వాదోపవాదాలు ఎన్ని ఉన్నా, దాని వెనుక ఉన్న భావం వైద్యునికి వెంటనే అర్థమవుతుంది. నీటిని తరువాత శుద్ధి చేయడం కంటె ముందుగా చెడిపోకుండా చూడటం తేలిక, చవక కూడా.

నగరం ఈ జలాశయాల నీటిని తాగుతూ ఉండగా, పల్లెలు మాత్రం చాలాకాలం తమ కాళ్ల కింది నీటి మీదనే ఆధారపడ్డాయి. జబ్బుల చరిత్ర కూడా అక్కడి నుండే మొదలవుతుంది.

దిగుడుబావి నుండి చేతిపంపు వరకు

నేను వైద్యవిద్య చదివే రోజులలో నారికురుపు రోగులను చూశాను. నేటి యువవైద్యులకు ఆ జబ్బు పాఠ్యపుస్తకంలో ఒక పేరాగా మాత్రమే తెలుసు. కాలి మీద పొక్కు లేచి పగులుతుంది. అందులో నుండి దారం వంటి తెల్లని పురుగు తల బయటపెడుతుంది. దాని పొడవు సుమారు మీటరు వరకు ఉంటుంది. దానిని ఒక పుల్లకు చుట్టి, రోజుకు కొద్దికొద్దిగా, తెగకుండా లాగవలసి వచ్చేది. పురుగు తెగితే కాలు వాచి, చీము పట్టి, మనిషి నెలల తరబడి మంచాన పడేవాడు.

దీనికి కారణం దిగుడుబావి. మెట్లు దిగి మోకాలి లోతు నీటిలో నిలబడి బిందె ముంచుకొనేటప్పుడు పగిలిన పొక్కులోని పురుగు తన పిల్లలను నీటిలోకి వదులుతుంది. వాటిని కంటికి కనపడీ కనపడని నీటిపురుగులు మింగుతాయి. ఆ నీటిపురుగులు తాగే నీటితో పాటు మన కడుపులోకి చేరతాయి. ఏడాది తిరిగేసరికి ఇంకొకరి కాలి మీద పొక్కు లేస్తుంది.

ఈ జబ్బుకు టీకా లేదు, నయం చేసే మందూ లేదు. అయినా మన దేశం దానిని తరిమివేసింది. 1980ల ఆరంభంలో జాతీయ నిర్మూలన కార్యక్రమం మొదలయింది. దిగుడుబావుల మెట్లు మూసివేశారు, నీటిని గుడ్డతో వడకట్టడం నేర్పారు, అన్నిటికంటె మిన్నగా ఊరూరా చేతిపంపులు వేశారు. దేశంలో చివరి రోగి 1996 జూలైలో రాజస్థాన్‌లో నమోదయ్యాడు. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశాన్ని నారికురుపు లేని దేశంగా ధ్రువీకరించింది. ఈ విజయంలో చేతిపంపు పాత్ర ఏ వైద్యుని పాత్రకూ తక్కువ కాదు.

కాని ఆ చేతిపంపు కిందనే, ఆ బోరుబావి అడుగుననే మరొక జబ్బు పొంచి ఉన్నది. మన దక్కను పీఠభూమి గ్రానైటు రాయిలో ఫ్లోరైడు ఉంటుంది. రాతి పగుళ్లలో ఎక్కువ కాలం నిలిచిన నీరు దానిని కరిగించుకుంటుంది. 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో, అంటే నేటి ప్రకాశం జిల్లా పరిసరాలలో, ఎముకలు బిగిసిపోయిన రోగులను పరిశీలించి వైద్యులు ఫ్లోరోసిస్ గురించి ప్రకటించారు. దేశంలో ఈ జబ్బును గుర్తించి వివరించడం అదే మొదలు. తరువాత నల్లగొండ పేరు ఈ వ్యాధితో ముడిపడిపోయింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ పరిశోధకులు రూపొందించారు. ప్రపంచమంతటా దానికి 'నల్లగొండ పద్ధతి' అనియే పేరు. ఒక జిల్లా బాధ ఒక శాస్త్రీయ పద్ధతికి పేరయింది.

లోతైన నీరు స్వచ్ఛమైనదని మనం నమ్మాము. సూక్ష్మజీవుల విషయంలో ఆ నమ్మకం చాలా వరకు నిజమే. ఖనిజాల విషయంలో మాత్రం అది నిజం కాలేదు.

ఖాళీ గొట్టాలు

తరువాత విద్యుత్తు మోటార్లు, ఎత్తైన ట్యాంకులు, వీధి కుళాయిలు వచ్చాయి. వాటిని గురించి చెప్పాలంటే నా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి.

1980ల చివరిలో నేను ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసేవాడిని. ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. ఒక వానకాలంలో మా పరిధిలోని గ్రామంలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. నేను, మా సిబ్బంది బడిలోనే మకాం పెట్టాము. బల్లల మీద రోగులను పడుకోబెట్టి, కిటికీ ఊచలకు సెలైన్ సీసాలు వేలాడదీశాము. రెండు రోజులు నిద్ర లేదు. ఒకరు కోలుకుంటే ఇద్దరు వచ్చేవారు. మూడవ రోజు ఉదయం నాలుగేళ్ల పాపను తండ్రి భుజాన వేసుకొని తెచ్చాడు. కళ్లు లోతుకు పోయాయి, చర్మాన్ని పట్టి వదిలితే మడత అలాగే నిలిచింది. నరం దొరకడమే కష్టమయింది. మధ్యాహ్నానికి పాప చనిపోయింది.

ఆ సాయంత్రం మా ఆరోగ్య కార్యకర్త తన పెట్టెలో నుండి క్లోరిన్ పరీక్ష సామగ్రి తీసి కుళాయి నీటిలో మందు చుక్కలు వేశాడు. క్లోరిన్ ఉంటే నీరు పసుపు రంగుకు తిరగాలి. రంగు మారలేదు. అప్పుడు పంపు ఆపరేటరును పిలిచి అడిగాము. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి మూడు రోజులు కరెంటు లేదట. ట్యాంకు ఎండిపోయింది, గొట్టాలు ఖాళీ అయ్యాయి. మురుగుకాలువ పక్కనే గొట్టానికి పగులు ఉన్నది. గొట్టం నిండుగా, ఒత్తిడితో ఉన్నప్పుడు పగులు నుండి నీరు బయటికి కారుతుంది. గొట్టం ఖాళీ అయినప్పుడు బయటి మురుగు లోపలికి చేరుతుంది. కరెంటు వచ్చిన రోజు మోటారు వేయగానే ఆ మురుగంతా ఊరి చివరి వాడకు చేరింది. పాప ఇల్లు ఆ వాడలోనే ఉన్నది.

ఆ పరీక్ష మొదటి రోజే చేయించి ఉండవలసింది. పెట్టె మా వద్దనే ఉన్నది. నేను అడగలేదు. రోగులను చూస్తూ కుళాయిని చూడటం మరచిపోయాను. మందు కంటె ముందు నీరు అని ఎన్నో ఉపన్యాసాలలో చెప్పినవాడిని, అవసరమైన రోజున ఆ మాట పాటించలేదు.

వారం తరువాత ఆ తండ్రి ఒక సీసాలో కుళాయి నీళ్లు పట్టుకొని ఆరోగ్య కేంద్రానికి వచ్చాడు. ఇంటిలో ఇంకొక బిడ్డ ఉన్నాడు. "సారూ, ఇవి ఇప్పుడు తాగొచ్చునా?" అని అడిగాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఇన్నేళ్లయినా నీటిని గురించి ఎవరు ఏమి అడిగినా నాకు ముందుగా ఆ సీసాయే గుర్తుకు వస్తుంది.

సూర్యుడు చేయగల మేలు

అందువలననే సౌరపంపును చూసినప్పుడు నాకు మొదట తట్టేది విద్యుత్తు ఆదా కాదు. ట్రాన్స్‌ఫార్మర్ కాలినా, తీగలు తెగినా, ఊరికి వేళకు నీరు అందే అవకాశం. గొట్టం ఖాళీ కాని ఊరిలో అతిసారం తగ్గుతుంది.

పైగా ఇందులో లెక్క కూడా మనకు అనుకూలమే. యాభై మీటర్ల లోతు నుండి 5,000 లీటర్ల నీటిని తోడటానికి, పంపు సామర్థ్యం 40 శాతమే అనుకున్నా, రెండు యూనిట్ల లోపు విద్యుత్తు సరిపోతుంది. ఒక కిలోవాటు ఫలకాలు మన ప్రాంతంలో ఎండ కాసే రోజున సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. జల్ జీవన్ మిషన్ ప్రమాణం ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు కావాలి. ఆ లెక్కన 5,000 లీటర్లు తొంభై మందికి, అంటే ఒక చిన్న గూడేనికి సరిపోతాయి. మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాలలోని మారుమూల గూడేలలో ఒకే బోరుబావిలో చేతిపంపును, చిన్న సౌరపంపును కలిపి అమర్చే పద్ధతి బాగా వ్యాపించింది. ఎండ ఉన్నప్పుడు సౌరపంపు ట్యాంకు నింపుతుంది, మబ్బు పట్టిన రోజున చేతిపంపు ఆదుకుంటుంది. దీనికి బ్యాటరీ అవసరం లేదు. పగటి ఎండను రాత్రికి దాచిపెట్టే పని ట్యాంకే చేస్తుంది. పాడైపోయే వస్తువు ఒకటి తగ్గిందంటే పల్లెలో అది పెద్ద మేలు.

సూర్యుడు చేయలేని పని

అయితే ఇక్కడ ఒక భ్రమ ఉన్నది. సౌరపంపు నీటిని తోడుతుంది, అంతే. దానిని శుద్ధి చేయదు. మెరిసే ఫలకాల కింద కొత్త కుళాయి కనిపించగానే అందులో వచ్చే నీరు కూడా మంచిదని మనసు నమ్ముతుంది. ఫలకం మీద ఎంత ఎండ పడినా నీటిలోని సూక్ష్మజీవి చావదు, ఫ్లోరైడు తగ్గదు.

సూర్యరశ్మికి సూక్ష్మజీవులను చంపే గుణం ఉన్న మాట నిజమే. 1980లో బీరూట్ నగరంలోని అమెరికన్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు ఆఫ్తిమ్ అక్రా, ఆయన సహచరులు ఈ సంగతిని 'లాన్సెట్' పత్రికలో ప్రకటించారు. అతిసార రోగులకు ఇచ్చే ఉప్పు పంచదార ద్రావణాన్ని పారదర్శకమైన పాత్రలలో ఎండలో ఉంచితే అందులోని సూక్ష్మజీవులు చనిపోతాయని వారు చూపారు. తేటనీటిని రెండు లీటర్ల లోపు పారదర్శకమైన ప్లాస్టిక్ సీసాలో నింపి, మంచి ఎండలో ఆరు గంటలు, మబ్బు ఉంటే రెండు రోజులు ఉంచాలి. వరదల వంటి ఆపద సమయాలలో వేరే దారి లేనప్పుడు ఇది పనికివస్తుంది. ఊరంతటికీ నిత్యం చేయదగిన పని కాదు.

సౌరవిద్యుత్తుతో అతినీలలోహిత దీపాన్ని వెలిగించి నీటిని శుద్ధి చేయవచ్చు. 1992లో మద్రాసు నుండి కొత్త రకం కలరా వ్యాపించిన తరువాత అమెరికాలోని భారతీయ శాస్త్రవేత్త అశోక్ గాడ్గిల్ అటువంటి చవకైన యంత్రాన్ని రూపొందించారు. అది సుమారు 60 వాట్ల విద్యుత్తుతో నిమిషానికి 15 లీటర్ల నీటిని శుద్ధి చేస్తుంది. ఆ పరిజ్ఞానం నాటి కృష్ణా జిల్లా బొమ్మినంపాడు వంటి గ్రామాలకు కూడా చేరింది. ఉప్పునీటిలో విద్యుత్తును ప్రవహింపజేసి క్లోరిన్ ద్రావణాన్ని అక్కడికక్కడే తయారుచేసుకొనే పరికరాలు కూడా ఉన్నాయి. వాటిని సౌరఫలకాలతో నడపవచ్చు.

ఇవేవీ లేకపోయినా బ్లీచింగ్ పొడి ఉన్నది. నాణ్యమైన పొడి అయితే తేటగా ఉన్న 1,000 లీటర్ల నీటికి రెండున్నర గ్రాములు చాలు. 5,000 లీటర్ల ట్యాంకుకు పన్నెండు పదమూడు గ్రాములు. పొడిని వేసి గంటసేపు ఆగాలి. ఆ తరువాత చివరి ఇంటి కుళాయి వద్ద లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ట్యాంకు వద్ద కాదు, చివరి ఇంటి వద్ద పరీక్షించాలి. నాకు ఆ 'చివరి ఇల్లు' అనే మాట విలువ తెలుసు.

ఫలకాలకు హామీ ఇరవై ఏళ్లకు పైగా ఇస్తున్నారు. దుమ్ము తుడిచేందుకు, క్లోరిన్ వేసేందుకు, గొట్టం పగుళ్లు చూసేందుకు ఒక మనిషిని నియమించి, నెలనెలా జీతం ఇచ్చే ఏర్పాటు ఎన్నేళ్లు ఉంటుంది? సౌరపథకాన్ని ప్రారంభించేవారు రిబ్బను కత్తిరించే ముందు ఈ ప్రశ్నకు సమాధానం సిద్ధం చేసుకోవాలి.

మిగిలిన ఎండ

ఇప్పుడు రైతు మిత్రుని ప్రశ్నకు వస్తాను. పొద్దంతా మోటారు నడిస్తే ఎవరికి నష్టం?

కరెంటు మోటారుకు బిల్లో, కోతో, ఏదో ఒక అడ్డు ఉండేది. ఎండకు ఏ అడ్డూ లేదు. ఇంధనం ఉచితమైనప్పుడు నీరు కూడా ఉచితమని అనిపిస్తుంది. వాన ఇంకించిన దానికంటె ఎక్కువ తోడితే నీటిమట్టం దిగుతుంది. అప్పుడు బోరును ఇంకా లోతుకు దింపుతాము. ఆ లోతులో ఎన్నో ఏళ్లుగా రాతితో కలిసి ఉన్న నీరు ఉంటుంది. ఫ్లోరైడు ఎక్కువగా ఉండే అవకాశం ఆ నీటికే ఎక్కువ. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీరు దొరకనప్పుడు ఒకటిన్నర వరకు అనుమతిస్తారు. పూలతోటకు తోడిన నీరే కూలీలు, పిల్లలు తాగుతారు. నష్టం ఎవరికంటే, పదేళ్ల తరువాత ఆ పిల్లల పళ్లకు, ఎముకలకు.

దీనికి పరిష్కారం ఉన్నది. గుజరాత్‌లోని ధుండి గ్రామ రైతులు 2016లో సహకార సంఘంగా ఏర్పడి, తమ సౌరపంపుల వద్ద మిగిలిన విద్యుత్తును పంపిణీ సంస్థకు అమ్మడం మొదలుపెట్టారు. మిగిలిన ఎండకు ధర పలికితే నీటిని వృథాగా తోడవలసిన పని ఉండదు. 2019లో వచ్చిన పీఎం కుసుమ్ పథకంలో కూడా విద్యుత్ లైనుతో కలిపిన పంపులకు ఇటువంటి ఏర్పాటు ఉన్నది. లైనుతో సంబంధం లేని పంపులకు సైతం ప్రత్యేక నియంత్రణ పరికరం అమర్చుకుంటే అదే ఫలకాలతో గడ్డి కోసే యంత్రం, పిండిమర వంటివి నడుపుకోవచ్చు.

ఈ మాటలన్నీ నేను ఆయనకు రెండు మూడు ఉదయాలలో చెప్పాను. మొదట నవ్వారు. తరువాత డ్రిప్ పని ముగియగానే పంపు ఆపుతున్నారు. గడ్డి యంత్రం సంగతి విచారిస్తున్నారు. పోయిన వారం తన బోరు నీటిని సీసాలో పట్టి ఇచ్చి, "పరీక్ష చేయించుండ్రి సారూ, మనుమరాలు ఈ నీళ్లే తాగుతది" అన్నారు. ప్రయోగశాలకు పంపాను. ఫలితం ఇంకా రాలేదు. వచ్చేవరకు పాపకు ఇంటి కుళాయి నీరు పెట్టమన్నాను.

పాఠకులకు నా మనవి ఇది. మీ ఊరికి సౌరపంపు వస్తే సంతోషించండి. దానితో పాటు నాలుగు సంగతులు అడగండి. క్లోరిన్ ఎవరు వేస్తున్నారు? చివరి ఇంటి కుళాయి వద్ద పరీక్షించి ఎన్ని రోజులయింది? ఫ్లోరైడు, నైట్రేటు పరీక్షలు ఎప్పుడు చేయించారు? బోరులో నీటిమట్టం పోయిన ఏడాది కంటె దిగిందా? నీటిని మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి గాని ఫ్లోరైడు పోదని గుర్తుంచుకోండి. ఇంటిలో ఎవరికైనా విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ ద్రావణం వెంటనే పట్టించండి, వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. ఒకే వాడలో ఇద్దరు ముగ్గురికి వస్తే, రోగులను చూసే వైద్యుడికి కుళాయిని కూడా చూడమని గుర్తుచేయండి. ఆయన మంచి వైద్యుడే అయినా, నావలె మరచిపోయి ఉండవచ్చు.